బలవంతుడు మెల్లగా నడువవలెను

చదువవలసిన వేదభాగములు: ఆదికాండము 33:12–14, ద్వితీయోపదేశకాండము 22:6–8, కీర్తన 104:24–30.



ఇరువది సంవత్సరముల యెడబాటు తరువాత యాకోబును ఏశావును దారిలో కలిసికొన్నారు. ఏశావు వెంట 400 మంది మనుష్యులు కలరు. అందరును బలముగలవారు, దూరప్రయాణములకు అలవాటుపడినవారు. ఏశావు తమ్ముని కౌగిలించుకొని, ఇక మీదట కలిసి పోవుదమని పిలిచెను. ప్రేమగల పిలుపే. అయినను యాకోబు దానికి ఒప్పుకొనలేదు. తన బిడ్డలు పసివారనియు, తన వెంటనున్న గొఱ్ఱెలకును పశువులకును పాలు త్రాగు పిల్లలున్నవనియు, ఒక్కనాటి తొందర చాలును మంద మిగులదనియు అతడు చెప్పెను. అన్నను ముందు సాగిపొమ్మని బతిమాలి, తాను మాత్రము పసివారి అడుగును, మందల అడుగును చూచుకొనుచు నిదానముగా వచ్చెదననెను.

ఆ మాటలో అన్నయెడల కొంత భయము కూడ దాగియున్నదని చెప్పువారు కలరు. అటుపిమ్మట యాకోబు శేయీరునకు పోక సుక్కోతునకు పోయెను గదా. అది యెట్లున్నను, అతని నోట వచ్చినది మంచి కాపరి మాట. మనలో గొఱ్ఱెలు కాచినవారికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. ఈనిన గొఱ్ఱె యెంత నడువగలదో మంద అంతే నడువవలెను. పొట్టేళ్ల కాళ్లను చూచి నడకను నిర్ణయించిన కాపరికి సాయంకాలమున లెక్క తప్పును.

ఈ నెల మనము ఈ వాక్యమును చేతపట్టుకొని ఒక దూరపు సముద్రతీరమునకు పోవలెనని కోరుచున్నాము. అది అట్లాంటిక్ మహాసముద్రపు పడమటి ఒడ్డు. అమెరికా, కెనడా దేశములు ఆ ఒడ్డున నున్నవి. అక్కడ దేవుని మంద యొకటి కలదు. అది గొఱ్ఱెల మంద కాదు, తిమింగలముల మంద. దానికి మనుష్యులలో కాపరి లేడు. దాని నడుమనుండి బలవంతుల ఓడలు రాత్రింబగళ్లు పరుగెత్తుచున్నవి.

104వ కీర్తనను చదువునప్పుడు ఒక సంగతి గమనించుడి. కీర్తనకారుడు విశాలమైన సముద్రమును చూచి, అందులో నడుచు ఓడలను, అందులో ఆటలాడు మహాజంతువును ఒక్క వచనములోనే చేర్చి చెప్పెను. ఆ రెండును ఒకే నీటిలో ఉన్నవి. ఒకటి మనుష్యుని చేతిపని, మరియొకటి దేవుని చేతిపని. ఆ దినములలో ఓడ గాలికి నడిచెడిది. మహాజంతువును చూచి ఓడవాడే భయపడెడివాడు. నేడు ఆ సంగతి తారుమారైనది. ఓడను చూచి భయపడవలసినది తిమింగలమే. అయితే దానికి భయపడుటయు తెలియదు.

ఆ జంతువును గూర్చి కొంచెము చెప్పెదము. ఇంగ్లీషువారు దానిని రైట్ వేల్ అందురు. పూర్తిగా ఎదిగినది ఇంచుమించు 50 అడుగుల పొడవుండును, 70 టన్నుల వరకు తూగును. నల్లని శరీరము, వీపుమీద రెక్క లేదు. తలమీద తెల్లగా కనబడు గరుకు మచ్చలుండును. ఏ రెండింటికిని ఆ మచ్చలు ఒకే విధముగా ఉండవు గనుక, వాటినిబట్టి బోస్టను పట్టణమందలి జలచరశాల వారు ఒక్కొక్క తిమింగలమునకు ఒక సంఖ్య నిచ్చి పుస్తకములో వ్రాసి ఉంచుచున్నారు. ఇంతటి జంతువు తినునది ఏమని తలంచెదరు? బియ్యపు గింజ యంత పురుగులను. నోరు తెరచి నీటిలో నెమ్మదిగా పోవుచు, నోటిలోని కుచ్చుల జల్లెడతో వాటిని వడగట్టి, దినమునకు ఒక టన్నుకు పైగా తినును. తగిన కాలమున సమస్త జీవులకు ఆహారము పెట్టు దేవుని గుప్పిలి యెంత పెద్దదో చూడుడి.

రైట్ వేల్ అనగా సరియైన తిమింగలమని అర్థము. దేనికి సరియైనది? చంపుటకు సరియైనదని వేటగాండ్రు ఆ పేరు పెట్టిరని చెప్పుదురు. అది మెల్లగా ఈదును. ఒడ్డుకు దగ్గరగా తిరుగును. చచ్చిన తరువాత మునుగక తేలును. దాని క్రొవ్వునుండి దీపములకు నూనె సమృద్ధిగా దొరకును. దాని సాధుత్వమే దానికి మరణకారణమాయెను. ఐరోపాలోని బాస్కు జనులు సుమారు తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే ఈ వేట మొదలుపెట్టిరి. తరువాత ఇతర జనులును వచ్చిరి. చివరకు 1935 నుండి రైట్ వేల్ జాతిని చంపకూడదని దేశముల మధ్య ఒడంబడిక అమలులోనికి వచ్చునప్పటికి, ఆ తీరమున మిగిలినవి బహు కొద్ది.

వేట మానిన తరువాత మంద కొంచెము కొంచెముగా పెరిగెను. 2010 ప్రాంతమున అవి సుమారు 480 ఉండెనని అంచనా. అటుపిమ్మట మరల తగ్గసాగెను. 2017లో ఒక్క సంవత్సరముననే 17 కళేబరములు దొరికినవి. అందులో 12 కెనడా జలములలోను, 5 అమెరికా జలములలోను కనబడెను. 2024వ సంవత్సరపు అంచనా ప్రకారము ఈ జాతిలో బ్రతికియున్నవి సుమారు 380 మాత్రమే. వాటిలో పిల్లలను కనుచున్న ఆడవి 70 ప్రాంతము.

ఇప్పుడు వాటిని ఎవరు చంపుచున్నారు? చంపవలెనని చంపువాడెవడును లేడు. ఈ సంగతిని మనము మనస్సున పట్టించుకొనవలెను. ఈటె పట్టినవాడు పోయెను. అయితే సరకులు మోయు ఓడలు వచ్చెను. ఓడ ముందుభాగము తగిలి ఎముకలు విరుగును; ప్రొపెల్లరు రెక్కలు శరీరమును కోయును. మరియు లాబ్‌స్టరులను, సముద్రపు పీతలను పట్టువారు అడుగున బోనులుంచి, వాటికి మోకు కట్టి, పైకి బెండు వదలుదురు. లక్షలాది మోకులు నీటిలో నిలువుగా నిలిచియుండును. నోరు తెరచి పోవు తిమింగలమునకు మోకు నోటిలో చిక్కును, రెక్కకు చుట్టుకొనును, తోకను బిగించును. నూటికి 85కి పైగా తిమింగలములు తమ జీవితములో ఒక్కసారియైనను ఆ మోకులలో చిక్కుకొన్నవేయని వాటి మచ్చలవలన తెలియుచున్నది. కొన్ని నెలల తరబడి ఆ త్రాళ్లను ఈడ్చుకొనుచు, మేతకు పోలేక చిక్కి చచ్చును.

ఒక తల్లి సంగతి వినుడి. పుస్తకములో దాని సంఖ్య 3560. శాస్త్రజ్ఞులు దానికి స్నో కోన్ అని పేరు పెట్టిరి. దాని మొదటి పిల్ల 2020 జూనులో న్యూజెర్సీ తీరమున ఓడల దెబ్బలు తగిలి చచ్చెను. 2021 మార్చిలో ఆ తల్లియే మోకులో చిక్కుకొన్నట్లు కనబడెను. రక్షకదళములవారు పడవలలో పోయి కొంత త్రాడు కోసిరి గాని అంతయు తీయలేకపోయిరి. అదే సంవత్సరము డిసెంబరులో జార్జియా తీరమున అది మరల కనబడెను. నోటినుండి త్రాడు వ్రేలాడుచున్నది; ప్రక్కన అప్పుడే పుట్టిన పిల్ల ఈదుచున్నది. ఆ బంధకములతోనే అది కాన్పు వరకు వచ్చెను! 2022 ఏప్రిలులో తల్లియు పిల్లయు కేప్ కాడ్ అఖాతమునకు చేరిరి. జూలైలో తల్లి ఒంటరిగా కనబడెను, పిల్ల లేదు. సెప్టెంబరులో నాంటకెట్టు దీవికి దక్షిణమున క్రొత్త మోకు చుట్టుకొని, కృశించి కనబడినదే కడసారి.

సహోదరులారా, ఈ తల్లిని ద్వేషించినవాడు ఎవడును లేడు. ఆ మోకు కట్టినవాడు తన బిడ్డల కూటికొరకు కట్టెను. ఆ ఓడ నడిపినవాడు తాను దేనిని ఢీకొట్టెనో యెరుగక పోయియుండును. అయితే దేవుని వాక్యము ఇంతటితో సంగతిని విడిచిపెట్టుచున్నదా? వాక్యమునుండి మూడు పాఠములు నేర్చుకొందము.

మొదటిది: తెలియక చేసిన హాని, తెలిసిన తరువాత లెక్క అప్పగింపవలసిన హాని యగును.

లేవీయకాండము 4, 5 అధ్యాయములు చదువుడి. పొరబాటున చేసిన పాపమునకు కూడ దేవుడు బలిని నియమించెను. తెలియకపోవుట చేత దోషము లేకపోదు. తెలిసిన దినమున దానిని ఒప్పుకొని, సరిదిద్దుకొనవలెను. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన న్యాయవిధి కలదు. ఎద్దు మొదటిసారి మనుష్యుని పొడిచి చంపినయెడల యజమానునికి శిక్ష లేదు. అయితే అది పొడుచునని అతనికి ముందే తెలియజేసినను కట్టక విడిచినయెడల అతడు దోషి. ద్వితీయోపదేశకాండము 22:8లో, క్రొత్త ఇల్లు కట్టినవాడు డాబా చుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే చెప్పెను. ఎవడైన పడిన తరువాత, నేను త్రోయలేదు గదా అని చెప్పుట చాలదు. పడకుండ గోడ కట్టుట ఇంటివాని పని. పిట్టగోడకు కొన్ని ఇటుకలు, కొంత సున్నము కావలెను. ఆ ఖర్చు ఇంటివానిదే గాని పడినవానిది కాదు.

ఓడలవారికి ఇప్పుడు తెలియవలసినది తెలిసెను. ఏ నెలలో తిమింగలములు ఎక్కడ ఉండునో, ఎంత వేగమున ఓడ తగిలిన ఎంత అపాయమో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఓడ 15 నాట్ల వేగముతో తగిలిన, నూటికి సుమారు 80 వంతులు అది ప్రాణాంతకమగును. ఎనిమిదిన్నర నాట్లకు తగ్గించిన, ఆ అపాయము నూటికి 20 వంతులకు దిగివచ్చును. ఎద్దు పొడుచునని యజమానునికి తెలిసెను. ఇక కట్టుటయే మిగిలియున్నది.

రెండవది: తల్లిని విడిచిపెట్టవలెను.

పిట్టగోడ ఆజ్ఞకు ముందున్న వచనములు చూడుడి. దారిలో చెట్టుమీదనో నేలమీదనో పక్షిగూడు కనబడి, తల్లి గ్రుడ్లమీద గాని పిల్లలమీద గాని కూర్చుండియున్నయెడల, పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనకూడదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆకలిగొన్నవానికి తినుటకు దేవుడు సెలవిచ్చెను. అయితే జాతి మొదలును నరుకుటకు సెలవియ్యలేదు. అంత చిన్న ఆజ్ఞకు, దీర్ఘాయువు కలుగునన్న గొప్ప వాగ్దానమును జతచేసెను. తలిదండ్రులను సన్మానించు ఆజ్ఞకు చేర్చిన వాగ్దానమును పోలినది ఇక్కడ పక్షితల్లి విషయమందు చేర్చుట ఆశ్చర్యము కాదా?

ఈ తిమింగలపు తల్లి ఒక సంవత్సరము గర్భము మోయును. చలికాలమున ఉత్తరపు చల్లని నీటిలోని మేతను విడిచి, 1,000 మైళ్లకు పైగా దక్షిణమునకు ఈది, జార్జియా, ఫ్లోరిడా తీరములయొద్ద ఒక్క పిల్లను కనును. పుట్టినప్పుడే పిల్ల సుమారు 14 అడుగులుండును. అక్కడ తల్లికి మేత లేదు. తన క్రొవ్వునే పాలుగా మార్చి పిల్లకిచ్చును. పిల్ల చాల సేపు నీటి మునుగలేదు గనుక తల్లియు పిల్లయు ఉపరితలమునకు దగ్గరగానే ఉందురు. ఓడల దారులు సరిగా అక్కడనే ఉన్నవి. పూర్వము మూడేండ్లకొకసారి కాన్పు వచ్చెడిది. ఇప్పుడు మోకుల గాయములచేతను, మేత కొదువచేతను ఏడేండ్లకో పదియేండ్లకో గాని రాదు. అట్టి తల్లి ఒకటి చచ్చిన, పుట్టవలసిన పిల్లలన్నియు దానితో చచ్చినట్లే.

ఆదికాండము 1:21, 22 మరల చదువుడి. దేవుడు సముద్రపు మహాజీవులను సృజించి, వాటిని ఆశీర్వదించి, ఫలించి సముద్రమును నింపుడని సెలవిచ్చెను. మనుష్యుడు ఇంకను సృజింపబడక మునుపే వాటికి ఆ ఆశీర్వాదము కలిగెను. మనకు ఏలుబడి ఇచ్చిన దేవుడే వాటికి ఆశీర్వాద మిచ్చెను. ఆయన దీవించినదానిని అడ్డగించు ఏలుబడి ఆయన ఇచ్చిన ఏలుబడి కాదు. యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడు యోబును అడిగిన ప్రశ్న యేమి? కొండమేకలు ఈను కాలము నీకు తెలియునా అని. యోబుకు తెలియదు. నేటి మనుష్యునికి తిమింగలము ఈను కాలము తెలియును, స్థలమును తెలియును. కాబట్టి నేటి మనుష్యుని జవాబుదారీ యోబు జవాబుదారీ కంటె ఎక్కువది.

మూడవది: తెలివిగలవాడే దారి ఇయ్యవలెను.

తిమింగలము ఎందుకు తొలగిపోదని కొందరు అడుగుదురు. అది మెల్లని జంతువు. పుట్టిననాటినుండి ఓడల మ్రోతలోనే జీవించుచున్నది. ఏ మ్రోత తనమీదికి వచ్చునదో, ఏది దూరముగా పోవునదో దానికి ఎవరు బోధింతురు? పిల్లకు పాలిచ్చుచున్న తల్లి, నోరు తెరచి మేయుచున్న మృగము, దేవుడు నేర్పిన పనిలో నిమగ్నమైయుండును. దారి మార్చుకొనగల బుద్ధి ఓడవానికి కలదు. బుద్ధి ఇచ్చినవాడు ఆ బుద్ధికి పని కూడ ఇచ్చెను.

మన పొలము దారిలో చూడి ఆవు అడ్డముగా నిలిచినప్పుడు బండివాడు ఏమి చేయును? అది తొలగవలెనని దానిమీదికి తోలునా? పగ్గము బిగించి నిలుపును. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సొలొమోను చెప్పిన సామెత (12:10) మనవారికి చేతలలో తెలిసినదే.

సముద్రములో కూడ అట్లు పగ్గము బిగించినవారు కలరు. 2003లో కెనడావారు ఫండీ అఖాతములో ఓడల దారినే, తిమింగలములు మేయు చోటునుండి తప్పించి ప్రక్కకు జరిపించిరి. తిమింగలముల కొరకు ఓడల దారి మార్చుట లోకములో అదే మొదటిసారి. 2008లో అమెరికా ప్రభుత్వము, 65 అడుగులకు తక్కువ కాని ఓడలు నియమిత కాలమందు నియమిత స్థలములలో 10 నాట్లకు మించి పోకూడదని శాసించెను. 10 నాట్లనగా గంటకు సుమారు 18 కిలోమీటర్లు. మనలో ఒకడు సైకిలు తొక్కుచు వేగముగా పోవునంత. 2017 మరణముల తరువాత కెనడావారు సెంట్ లారెన్సు సింధుశాఖలో అట్టి వేగనియమమునే పెట్టి, 2018 నుండి తిమింగలములు కనబడిన చోట్ల చేపల వేటను కొంతకాలము మూసివేయుట మొదలుపెట్టిరి. 2018లో కెనడా జలములందు ఒక్క కళేబరమును దొరకలేదు! అయితే 2019లో మరల 9 దొరికినవి. ఒక సంవత్సరము మెలకువగా ఉండుట చాలదు. మెలకువగా ఉండుడని ప్రభువు చెప్పినది ఒక్క రాత్రికే కాదు గదా.

వెనుకడుగులును కలవు. 2022లో అమెరికా అధికారులు ఈ వేగనియమమును చిన్న ఓడలకు కూడ విస్తరింపవలెనని ప్రతిపాదించిరి. తమ జీవనమునకు నష్టమని అనేకులు అడ్డుచెప్పిరి. 2025 జనవరిలో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకొనిరి.

ఇక్కడ మనలో ఒక ప్రశ్న పుట్టును. మనుష్యుడు తిమింగలము కంటె శ్రేష్ఠుడు కాడా? జాలరి పిల్లలు పస్తుండగా మృగము కొరకు వగచుట తగునా? ఇది న్యాయమైన ప్రశ్న. మన ప్రభువు తన మొదటి శిష్యులను జాలరులలోనుండి పిలిచెను. వలలు బాగుచేసికొను చేతుల కష్టము ఆయనకు తెలియును. జాలరిని నిందించుటకు మేము ఈ మాటలు వ్రాయుటలేదు. అయితే ఈ ప్రశ్నకు జాలరులలోనివాడే ఒకడు జవాబిచ్చెను.

కెనడాలో కాంపోబెల్లో అను చిన్న ద్వీపము కలదు. జో హౌలెట్ అను లాబ్‌స్టరు జాలరి అక్కడివాడు. మోకులు కట్టి బోనులు వేయుట అతని వృత్తి. 2002లో అతడును అతని తోడివారును తిమింగలములను మోకులనుండి విడిపించు దళము నొకటి ఏర్పరచుకొనిరి. మోకు ఎట్లు బిగియునో జాలరికే బాగుగా తెలియును; కోయవలసిన చోటును అతనికే తెలియును. 2017 జూలై 10న సెంట్ లారెన్సు సింధుశాఖలో చిక్కుకొన్న ఒక రైట్ వేల్‌ను సమీపించి, అతడు కడపటి త్రాటిని కోసెను. తిమింగలము విడుదల పొందెను. పొందిన మరుక్షణమున దాని బలమైన కదలికచేత అతనికి దెబ్బ తగిలి, అక్కడనే మరణించెను. అప్పుడతనికి 59 సంవత్సరములు.

ఆ మృగము అతనికి కృతజ్ఞత చెప్పలేదు. తనకు మేలు చేసినవాడెవడో దానికి తెలియదు. తెలియని ప్రాణి కొరకు తన ప్రాణమును అపాయములో పెట్టిన ఆ మనుష్యుని తలంచునప్పుడు, మనము ఎరుగకయున్నప్పుడే, శత్రువులమై యున్నప్పుడే మన కట్లు విప్పుటకు వచ్చినవాని సిలువ మనకు జ్ఞాపకము రాకపోదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో పౌలు చెప్పునదేమి? సర్వాధికారముగలవాడు తన అధికారమును పట్టుకొని వ్రేలాడక, తగ్గించుకొని, దాసుని రూపము ధరించెను. ఏలుబడి అనగా ఏమో తెలిసికొనవలెనన్న ఆయనను చూడవలెను. బలము గలవాడు బలహీనుని మీదుగా దాటిపోవుట ఏలుబడి కాదు. బలహీనుని కొరకు ఆగుటయే ఏలుబడి.

జాలరికిని తిమింగలమునకును వైరము ఉండవలసిన పనియు లేదు. నీటిలో నిలువు మోకు అవసరము లేని బోనులను ఇప్పుడు పరీక్షించి చూచుచున్నారు. బోను అడుగునే ఉండును. జాలరి పడవనుండి ధ్వని సంకేతము పంపగానే బెండు పైకి తేలును. వెల ఎక్కువ, అలవాటు క్రొత్త. పిట్టగోడకైనను ఖర్చు లేదా? ఆ ఖర్చును పేద జాలరి ఒక్కనిమీద మోపక ప్రభుత్వములును, ఆ చేపలు కొని తినువారును భరించుట న్యాయము.

ఇంకొక సంగతి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కుపై జరిగిన ఘోరకృత్యము తరువాత కొన్ని దినములు ఓడల రాకపోకలు తగ్గినవి. ఆ దినములలో ఫండీ అఖాతమున తిమింగలములను పరిశోధించుచున్నవారు, నీటిలోని మ్రోత తగ్గుటయు, తిమింగలముల శరీరములో బెదురువలన పుట్టు హార్మోను కూడ తగ్గుటయు కనుగొనిరి. మనుష్యులు దుఃఖముతో నిలిచిపోయిన దినములలో సముద్రపు జీవులు ఊపిరి పీల్చుకొన్నవి. మన పరుగు వాటికెంత భారమో అప్పుడు తెలిసెను. దేవుడు విశ్రాంతిదినమును నియమించినప్పుడు ఎద్దునకును గాడిదకును కూడ విశ్రాంతి కలుగవలెనని చెప్పెను. మనము ఆగినప్పుడు గాని వాటికి విశ్రాంతి లేదని ఆయన ముందే ఎరుగును.

అట్లాంటిక్ సముద్రము మనకు దూరమే. మనలో అనేకులు ఏ సముద్రమును చూచియుండరు. అయినను లోకములోని సరకులలో నూటికి 80కి పైగా సముద్రముమీదనే పోవుచున్నవి. మన కూరలో పోయు పామాయిలు ఓడలోనే మన దేశమునకు వచ్చుచున్నది. మనకు దగ్గరనున్న శ్రీలంక దక్షిణపు కొనయొద్ద, లోకములోకెల్ల పెద్దదైన నీలి తిమింగలము మేయుచున్న చోటునే ఓడల రద్దీ మిక్కుటముగానున్నది. 2022లో ఒక గొప్ప ఓడల సంస్థ తన ఓడలను కొంచెము దక్షిణమునకు తొలగించి నడుపుట మొదలుపెట్టెను. ఇతరులును అట్లు చేయునట్లు ప్రార్థింతము. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తిమింగలములను కూడ కాపాడుచున్నది. తీరగ్రామములలోని మన సంఘస్థులు వలలో తిమింగలము పడినను, ఒడ్డుకు కొట్టుకొనివచ్చినను అటవీశాఖవారికి వెంటనే తెలియజేయవలెను. చినిగిన వలను, పాత మోకును సముద్రములో పారవేయక ఒడ్డుకు తేవలెను. అవి చిన్నపనులే, పిట్టగోడలో ఒక్కొక్క ఇటుకవంటివి.

సముద్రము లేని ఊరివారికిని ఈ వాక్యము పని కల్పించుచున్నది. ఇప్పుడు మన ఊళ్లలో ట్రాక్టర్లును మోటారు సైకిళ్లును వచ్చినవి. బడికి పోవు పిల్లలును, మేతనుండి తిరిగివచ్చు గొడ్లును, కఱ్ఱ ఊతముతో నడుచు ముసలివారును అదే బాటమీద నడుచుచున్నారు. బండి నడుపు విశ్వాసి, యాకోబువలె ఎవరి అడుగును చూచి నడుపుచున్నాడు? సంఘములోను అట్లే. చదువు వచ్చినవాడు చదువురాని సహోదరిని విడిచి ముందుకు పోకూడదు. ఉన్నవాడు కానుకల సంగతిలో లేనివానిని త్వరపెట్టకూడదు. బలవంతులమైన మనము బలహీనుల దౌర్బల్యమును మోయవలెనని రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయము నేర్పుచున్నది.

ఆ సాయంకాలమున ఏశావు 400 మందితో ముందుగా ఇల్లు చేరియుండును. యాకోబు ఆలస్యముగా సుక్కోతు చేరి, పశువులకు పాకలు వేసెను. ఆలస్యమైనది గాని మంద దక్కెను. మన ప్రభువు గొప్ప కాపరి. ఆయన మనలను మన నడకనుబట్టి నడిపించుచున్నాడు. ఆయనచేత అట్లు నడిపింపబడుచున్న మనము, ఆయన ఇతర ప్రాణులను త్రొక్కి పోవుట తగునా?

ప్రార్థింతము. భూమిని సముద్రమును సృజించిన తండ్రీ, నీ మహాజలములలో తిరుగు తల్లులను వాటి పిల్లలను నీ చేతితో కాపాడుము. ఓడలు నడుపువారికి కనికరమును, ఏలువారికి ధైర్యమును, జాలరులకు అపాయము లేని బ్రతుకుతెరువును దయచేయుము. ఇతరుల కట్లు కోయుటకు పోవువారిని క్షేమముగా ఇంటికి చేర్చుము. మాకు బలమిచ్చిన చోటనెల్ల ఓపికను కూడ ఇమ్ము. మా కాపరియైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.